‘మంచి క్యాన్సర్’ అను మాటను గూర్చి: వైద్యారోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖామాత్యులవారి సముఖమునకు,

మహాశయా,

నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతమున 31 సంవత్సరములు ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు పాఠము చెప్పి, మూడేండ్ల క్రిందట ఉద్యోగవిరమణ చేసిన పండితురాలను. ఆరేండ్ల క్రిందట నా గొంతులోని థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ సోకినదని తేలి, శస్త్రచికిత్సయు, దాని వెనుక రేడియో అయొడిన్ చికిత్సయు జరిగి, ఇప్పుడు ఆసుపత్రి పుస్తకములలో నయమైనవారి వరుసలో చేరి యున్నాను. ఈ లేఖను తపాలాలో పంపక పత్రికాముఖమున వ్రాయుచున్నందుకు మన్నింపవలెను. నాకు వైద్యము చేసినవారు నిపుణులు, దయగలవారు. వారిపై నాకు పితూరీ లేదు. అయినను వ్యాధి కుదిరిన పిమ్మట మనిషి బ్రదుకు ఎట్లు సాగుచున్నదో అడిగినవారు ఈ ఆరేండ్లలో ఒక్కరును కనబడలేదు గనుక, అడుగకున్నను చెప్పుట పంతులమ్మల అలవాటు గనుక, చెప్పుచున్నాను.

సూదితో గడ్డలోని కణములు తీసి పరీక్షించిన ఫలితము వచ్చిన దినమున వైద్యుడు నాతో ననిన మొదటిమాట ఇది: “భయపడకండమ్మా, క్యాన్సర్లన్నిట్లోకీ ఇది మంచి క్యాన్సర్.” ఆయన నన్నూరడించుటకే అట్లనెను, నేనును ఊరడిల్లితిని. కాని ఆ మాట నాకంటె ముందుగా ఊరు చేరెను. మా వియ్యపురాలు ఫోనులో అదే చెప్పెను. సెలవు పొడిగింపుమని కోరబోయినప్పుడు ప్రధానోపాధ్యాయుడును, “మంచి క్యాన్సరే కదా టీచరు గారూ, పదిహేను రోజులు చాలవూ?” అని నవ్వుచు అడిగెను. నా భర్త కూడ, ఆయన మిక్కిలి సాధువు, నేను మధ్యాహ్నము మంచము దిగలేక యున్న దినములలో, “మంచిదన్నారు గదా, మరి ఎందుకిట్లున్నావు?” అని నిజముగనే ఆశ్చర్యపడెను. ఓదార్పుగా పుట్టిన మాట క్రమముగా ఒక తీర్పై, ఇంక నీకు కావలసినదేమియు లేదను అర్థమున నా నెత్తిమీద నిలిచెను.

ఆ మాట వట్టి అబద్ధము కాదని నేనెరుగుదును. ఈ వ్యాధిలో ఎక్కువమందికి వచ్చునది పాపిలరీ అను రకము. అది మెల్లగా పెరుగునది, గ్రంథి దాటకముందు పట్టుకొన్నచో దానివలన ప్రాణము పోవుట అరుదు. మెడుల్లరీ అనునది వేరు, కొన్ని కుటుంబములలో తల్లిదండ్రులనుండి బిడ్డలకు దిగునది. అనాప్లాస్టిక్ అనునది మరియు వేరు, నెలలలో మనిషిని కబళించునది. ఆ రోగులకడ మంచి అను విశేషణమును ఉచ్చరించుటయే పాపము. అది యట్లుండనిండు. పాపిలరీ రకమునే తీసికొన్నను, ఇది పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ముప్పదులలో, నలుబదులలో ఉన్నవారికిని తరచుగా వచ్చును. ముప్పదియైదేండ్లకు గ్రంథి పోగొట్టుకొన్న ఇల్లాలు దైవానుగ్రహమున మరి 40 సంవత్సరములు బ్రదుకును. అనగా 14,600 ఉదయములు ఆమె గ్రంథికి బదులైన మాత్రతో నిద్ర లేవవలెను. ప్రాణభయము తక్కువ గనుక ప్రభుత్వమునకు పని తక్కువ యని మనమనుకొనుచున్నాము. రోగి ఇంతకాలము బ్రదుకును గనుకనే పని ఎక్కువ యని నా మనవి.

ఇచట ఒక పంతులమ్మ ముచ్చట చెప్పనిండు. మన పాఠ్యపుస్తకములు ఈ గ్రంథిని అవటు గ్రంథి యనుచున్నవి. అమరకోశమున అవటువనగా మెడ వెనుకభాగము, పెడతల. గ్రంథి యున్నదేమో మెడ ముందు, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లు శ్వాసనాళమును కౌగిలించుకొని. పేరు పెట్టిన పెద్దలెవరో కాని, వస్తువు ముందుండగా వెనుక వెదకిరి. నాకు ఈ పొరపాటు తలపునకు వచ్చినప్పుడెల్ల మన వైద్యవ్యవస్థ చూపును గుర్తునకు వచ్చుచుండును. మా బాధలన్నియు ముందర నున్నవి. మమ్ము చూచువారు, వెనుక జరిగిపోయిన శస్త్రచికిత్స సఫలమైనదా లేదా యని తిరిగి తిరిగి అదే చూచుచున్నారు.

ముందునకు చూచిన వైద్యుడొకడు లేకపోలేదు. స్విట్జర్లండులోని బెర్న్ నగరమున థియోడర్ కోహర్ అను శస్త్రవైద్యుడుండెను. గళగండమను గొంతువాపునకు కత్తి పెట్టుట యన్నచో ప్రాణములమీద ఆశ వదలుకొనుటయే యైన ఆ కాలమున, ఆయన రక్తము చిందనీయక, అంగుళ మంగుళము పరీక్షించుచు కోసి, మరణములను అతి స్వల్ప సంఖ్యకు దింపెను. ఆయన చేతిలో గ్రంథి యంతయు పోయినవారిలో పదునొకండేండ్ల బాలిక యొకతె యుండెను. 1874లో ఆమెకు శస్త్రచికిత్స జరిగెను. కొన్ని ఏండ్లకు, ఆ పిల్ల ఎదుగక, మందబుద్ధియై, గుర్తుపట్టరాని రీతిగా మారినదని ఆమెను పంపిన వైద్యునివలన ఆయనకు తెలియవచ్చెను. మరియొకడైనచో, నా కత్తి గెలిచినది, తక్కినది దైవాధీనమని యూరకుండెడివాడు. కోహర్ అట్లూరకుండక, గ్రంథి పూర్తిగా తీసివేయబడిన తన రోగులందరికి కబురు పంపి, మీరెట్లున్నారో వచ్చి చూపుడని పిలిపించెను. అట్లు తిరిగి వచ్చిన 18 మందిలో ఇద్దరు మాత్రమే సరిగా నుండిరి. తక్కినవారు ఉబ్బి, అలసి, చలికి వణకుచు, మాట తడబడుచు ఆయన ముందు నిలిచిరి. 1883లో ఆయన ఈ సంగతిని తన గొప్పతనమునకు భంగమని దాచక సభలో చదివెను. వట్టి గొంతువాపునకు గ్రంథి నంతటిని తీయుట మానెను. 1909లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ గ్రంథి దేహమున ఏమి చేయుచున్నదో లోకము చాలవరకు తెలిసికొన్నది, ఒక వైద్యుడు తన రోగులను వెనుకకు పిలిచి అడిగినందువలన.

కోహర్ సభలో చదివిన పిదప, 1891లో ఇంగ్లండున జార్జి మర్రే యనునతడు గొఱ్ఱె గ్రంథిరసమును సూదిద్వారా ఎక్కించి, ఇట్టి స్థితిలోనున్న యొక స్త్రీని లేపి నిలువబెట్టెను. ఆమె ఆ రసము మీదనే 28 ఏండ్లు జీవించెను. 1914లో అమెరికాలో కెండాల్ ఆ రసమునందలి సారమైన థైరాక్సిన్‌ను వేరుచేసెను. 1927 నాటికి దానిని కృత్రిమముగా కూర్చుట సాధ్యమయ్యెను. అందువలననే నేడు నేను గొఱ్ఱెలను వెదకికొనక, చిన్న తెల్లని మాత్రతో సరిపెట్టుకొనుచున్నాను.

ఆ మాత్ర కథ వినుడు. ఉదయము అయిదు గంటలకు లేచి, పరగడుపున, ఒక గ్లాసు మంచినీళ్ళతో మ్రింగవలెను. మ్రింగిన తరువాత కనీసము అరగంట, కుదిరినచో గంట, మరేదియు నోట వేయరాదు. కాఫీ అసలే కూడదు, అది మందును దేహమున కెక్కనీయదు. కాఫీ లేని గంట ఆంధ్ర గృహములలో ఎంత పొడవుండునో మీరు వేరుగ విన నక్కరలేదు. కాల్షియము మాత్రకును, రక్తహీనతకిచ్చు ఇనుము మాత్రకును దీనికి నాలుగు గంటల ఎడముండవలెను. ఒక కంపెనీ మాత్రనుండి మరియొక కంపెనీ మాత్రకు మారినచో మరల రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఎండ, వేడిమి, తేమ దీనికి సరిపడవు. మా యూర మే నెలలో పగలెల్ల రేకులక్రింద మగ్గు మందుల పెట్టెలను చూచినప్పుడు, ఆ మాత్రలలో మందెంత మిగిలియుండునో యని నా మనసు పీకును. ఈ నియమములలో ఒక్కటియు కష్టమైనది కాదు. కాని పనికి పోవు కూలివనిత తెల్లవారక మునుపే చోడి అంబలి త్రాగి జీడితోటకు బయలుదేరును. ఆమెకు ఈ గంటను ఎవరిత్తురు?

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి కలదు. మాబోటివారిలో కొందరికి వైద్యులు కావలెననియే మాత్ర మోతాదు కొంచె మెక్కువగా నిత్తురు. టి.ఎస్.హెచ్. అను రసము మిగిలిన క్యాన్సర్ కణములను రెచ్చగొట్టకుండ, దానిని అణచియుంచుటకు. రక్తపరీక్ష కాగితమున ఆ అంకె పక్క ‘తక్కువ’ అని నల్లగా అచ్చగును. ఒకమారు నాకు జ్వరము వచ్చి పొరుగూరి వైద్యుని కడకు పోయినప్పుడు, ఆయన ఆ కాగితము చూచి, “ఎవరమ్మా నీకింత డోసు రాసింది?” అని కోపగించి, సగము చేసి పంపెను. ఆయన తప్పు లేదు; మామూలు థైరాయిడ్ రోగికి ఆయన చేసినదే సరియైన పని. నాకు ఆ అంకె ఎంత యుండవలెనో చెప్పు చీటీ నా చేత లేదు, ఆయనకు తెలియు మార్గము లేదు. మూడు నెలల తరువాత పెద్దాసుపత్రిలో ఈ సంగతి బయటపడినప్పుడు అందరును నన్నే మందలించిరి. పోనీ, మోతాదెక్కువగా నున్నంతకాలము సుఖమా యన్నచో, గుండె దడదడలాడును, అర్ధరాత్రి మెలకువ వచ్చును, చేతులు వణకును. వయసు మీరిన స్త్రీలకు ఎముకలు గుల్లబారును, గుండె లయ తప్పును. అటు క్యాన్సర్ తిరుగబడకుండ, ఇటు గుండెయు ఎముకయు చెడకుండ నడుమ నడుచుట తీగమీది నడక; ఆ నడకను ఏటేట సరిచూచువారుండవలెను.

ఇక ఉప్పు మాట. రేడియో అయొడిన్ చికిత్సకు ముందు రెండు వారములు అయొడిన్ లేని ఆహారము తినవలెననిరి. దేహము అయొడిన్ కొరకు అలమటించియున్నప్పుడే ఆ మందును మిగిలిన కణములు ఆబగా త్రాగుననియు, అట్లు త్రాగి నశించుననియు వివరించిరి, బాగుగనే యున్నది. కాని అయొడిన్ లేని ఉప్పు దొరకవలెను గదా. మన శ్రీకాకుళమున పుట్టిన ఉలిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలుకొని హిమాలయపాదమున కాంగ్రా లోయలో పనిచేసి, ఉప్పులో అయొడిన్ కలిపినచో గళగండము తగ్గునని జనులకు జనులనే చూపి ఋజువు చేసిరి. 1962లో జాతీయ కార్యక్రమ మేర్పడినది. నేడు అయొడిన్ కలపని ఉప్పును తినుటకని అమ్మరాదను నిబంధనయే కలదు. లక్షలాది బిడ్డలకు బుద్ధిమాంద్యము తప్పించిన మహోపకారమది. మా జిల్లా బిడ్డ చేసినదని నేను తరగతిలో గర్వముగా చెప్పుచుండెడిదానను. అట్టి నేను, సంచి పట్టుకొని, ఆయన పుట్టిన జిల్లాలోనే, ఆయన పుణ్యమా యని ఎక్కడను దొరకని ఉప్పుకొరకు దుకాణము దుకాణము తిరిగితిని. “ఉప్పులో ఉప్పు లేనిది కావాలా ఏటి టీచరమ్మా?” అని కోమటి నవ్వెను.

తుదకు నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేయు నా పాత శిష్యుడొకడు సంగతి విని, ఆదివారము సైకిలు వెనుక గోనెసంచి కట్టుకొని వచ్చెను. తెల్లగా కాక, కొంచెము బూడిదవన్నెగా, జొన్నగింజలంత గళ్ళతో తడిసి బరువెక్కిన ఉప్పు. “ఇందులో ఏటీ కలపరమ్మా, మడిలోంచి నేనే ఎత్తినాను” అనెను. నేను సంతోషించి ఆసుపత్రికి ఫోను చేయగా, ఒకరు వాడుకొమ్మనిరి. గంట తరువాత పలికిన మరియొకరు, సముద్రపుటుప్పు వద్దే వద్దనిరి. పాలు, పెరుగు, గ్రుడ్డు, చేప మానుమని మునుపే చెప్పియుండిరి. బయట వండినది తినరాదని ఒకరు, ఇడ్లీ పరవాలేదని ఇంకొకరు. ఎవరిని నమ్మవలెనో తెలియక రెండు వారములు చప్పిడి తింటిని. చప్పిడి పథ్యము మన పెద్దలకు కొత్త కాదు. కాని అదే సమయమున థైరాక్సిన్ మాత్రయు నెల దినములుగా ఆపియుంచిరి గనుక, దేహము మంచుముద్దయై, ఆలోచన బురదలో కాలువలె దిగబడి, ఒకనాడు నా మనుమరాలి పేరు నాకు తలపునకు రాలేదు. ఆ చికిత్సకు మందు ఖరీదెంత, గది అద్దె ఎంత యని చెప్పిన కాగితములు నా కడ పదునారు కలవు. ఏమి తినవలెను, ఏమి మానవలెను అని తెలుగులో అచ్చువేసిన కాగిత మొక్కటియు లేదు.

రేడియో అయొడిన్ గది గూర్చి క్లుప్తముగ చెప్పెదను. ముంబయి కడ ట్రాంబేలో తయారై వచ్చు ఆ మందును మ్రింగి, సీసపు తలుపు గల గదిలో మూడు దినములు ఒంటరిగా నుండవలెను. అన్నము బల్లమీద పెట్టి వెనుకకు జరుగుదురు. వైద్యుడు వాకిట నిలిచి పలుకరించును. ఆ గది మరుగుదొడ్డి నీరు సైతము ఊరి కాలువలో కలియదు. వేరు తొట్టిలో నిలువచేసి, దాని తేజస్సు తగ్గిన పిమ్మట వదలుదురు. ఎనిమిది దినముల కొకమారు ఆ తేజస్సు సగమగును. ఇంటికి వచ్చిన తరువాతను కొన్ని దినములు పసిపిల్లలకును గర్భిణులకును దూరముగ నుండవలెను. మైల యన్నది తరతరములుగా ఎరిగిన ఇల్లు గనుక, నాకు వేరు చాప, వేరు కంచము అమర్చుట మా కోడలికి కష్టమనిపించలేదు. కష్టమైనది రెండేండ్ల మనుమరాలికి. అది గుమ్మము కవతల కూర్చుండి, బంతిని నా వైపు దొర్లించి, నేను తిరిగి దొర్లించుట కొరకు చేతులు చాచి చూచుచుండెను. నేను ముట్టిన బంతిని దాని చేతికి తిరిగి ఇయ్యవచ్చునా కూడదా యని నాకెవరును చెప్పియుండలేదు. దొర్లించలేదు.

ఆ మందు లాలాజల గ్రంథులకును సోకును. నా నోరు నేటికిని ఎండిపోవును; నీళ్ళ సీసా లేక వాకిలి దాటను; పొడి అన్నమున కందిపొడి కలుపుకొను భోగము తీరిపోయినది. కాల్షియము సంగతియు నట్టిదే. థైరాయిడ్ వెనుక కందిగింజలంతేసి పార్శ్వగ్రంథులు నాలుగుండును. శస్త్రచికిత్సలో అవి దెబ్బతిన్నచో రక్తమున కాల్షియము పడిపోవును. ఒకనాటి రాత్రి నా పెదవుల చుట్టు చీమలు ప్రాకినట్లై, కుడిచేతి వ్రేళ్ళు అయిదును ముద్ద పట్టినట్లు దగ్గరకు బిగిసికొనిపోయినవి. ఇరుగుపొరుగువారు పక్షవాతమని గుండెలు బాదుకొనిరి. అది కాల్షియపు కరవని మాకెవరైన ముందుగా చెప్పియున్నచో ఆ రాత్రి వేరుగా గడిచియుండెడిది.

నా వృత్తి గొంతుతో చేయునది గనుక, స్వరము మాట కొంచెము విపులముగ చెప్పుట న్యాయము. థైరాయిడ్‌ను ఆనుకొని రెండు జతల నరములు స్వరపేటికకు పోవును. ఒక జతలోని నరము తెగినచో మాట బొంగురుపోవునని అందరెరుగుదురు. రెండవ జతలో దారమువంటి కొమ్మ యొకటి కలదు. అది స్వరతంత్రులను బిగించు కండరమునకు పోవును. అది చెడినచో మామూలు మాట మామూలుగనే యుండును, పైస్థాయి పోవును. గల్లి కూర్చి యను ఇటలీ గాయనీమణికి 1935లో గొంతువాపు తీసివేసిన తరువాత ఆమె స్వరము పోయినదనియు, చెడినది ఆ కొమ్మయే ననియు వైద్యులు తరతరములుగా చెప్పుకొనుచు, ఆ నరమునకు ఆమె పేరే పెట్టిరి; ఈమధ్య కొందరు ఆ కథ నిజము కాదు పొమ్మనిరి. ఆమె సంగతి యెట్లున్నను నా సంగతి నిజము. శస్త్రచికిత్స తరువాత బడికి పోయి, తొమ్మిదవ తరగతిలో పోతన పద్యము నెత్తుకొంటిని. మొదటి పాదము నడిచినది. రెండవ పాదమున స్వరము పైకి పోవలసిన చోట గాలి మాత్రమే వచ్చినది. పిల్లలెవరును నవ్వలేదు, అదియే నాకు ఎక్కువ బాధ. నాటినుండి ఉద్యోగవిరమణ వరకు, పైస్థాయి వచ్చు పాదములను నేను వదలిపెట్టుచు, పిల్లలచేత అందించుకొనుచు గడిపితిని. తనిఖీకి వచ్చిన అధికారి యొకరు దీనిని నూతన బోధనాపద్ధతి యనుకొని మెచ్చుకొనిరి కూడ.

స్వరమునకు అభ్యాసములు నేర్పు స్పీచ్ థెరపిస్టులుందురనియు, మొదటి నెలలలో మొదలుపెట్టినచో గుణము కనబడుననియు నాకు రెండేండ్ల తరువాత, అదియు బస్సులో పక్కసీటు ప్రయాణీకురాలివలన తెలిసినది.

పరీక్షకు పోయినప్పుడెల్ల ఆసుపత్రి వసారాలో మావంటివారు వరుసగా కూర్చుందురు. మెడలో నగవలె అడ్డముగా గీత యున్నవారే మావారని దూరమునుండియే గుర్తుపట్టెదము. అచట తెలిసినంత ఏ పుస్తకమునను తెలియదు. పెండ్లి కాని పిల్ల ఒకతె, నలుబది రెండు డిగ్రీల ఎండలో మెడచుట్టు చున్నీ చుట్టుకొని కూర్చుండును. కొత్త కోడలొకతె, అయొడిన్ తీసికొన్న తరువాత ఆరునెలలనుండి సంవత్సరమువరకు గర్భము ధరింపరాదని అత్తగారికి చెప్పలేక, ఏమి సాకు చెప్పవలెనో నన్నడిగెను. మరియొకతె గర్భవతియై, బిడ్డకు మందు పడదేమో యని మాత్ర మానివేసి వచ్చెను. నిజమునకు గర్భమున మోతాదు పెంచవలసియుండును. సంవత్సరమునకొకమారు జరుపు థైరోగ్లోబ్యులిన్ పరీక్ష వీరందరికిని జాతకము చూపించుకొనుట వంటిది. అది థైరాయిడ్ కణములు మాత్రమే చేయు పదార్థము గనుక, గ్రంథి లేనివారిలో ఇంచుమించు శూన్యముగ నుండవలెను. అంకె కొంచెము కదలినదన్నచో ఇంటిల్లిపాదికి ముద్ద దిగదు. ఈ భయమును గూర్చి మాటలాడుటకు ఆ వసారాలో మేమొకరికొకరము తప్ప దిక్కులేదు. వ్యాధి మంచిదని చెప్పబడినవారికి ఏడ్చు అధికారము కూడ ఉండదు కదా.

అయ్యా, మా జిల్లాలోని ఉద్దానము ప్రాంతపు మూత్రపిండ రోగుల కథ మీరెరిగినదే. వారు డయాలసిస్ కొరకు విశాఖ దాక ప్రాణములు చేత పట్టుకొని పోవుచుండిన కాలముండెను. యంత్రములు వారి దాపునకు వచ్చినవి, పింఛను వచ్చినది, పలాసలో ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును 2023లో వచ్చినవి. పట్టుదల యున్నచో ప్రభుత్వము రోగి గుమ్మము వరకు రాగలదని మా జిల్లాయే సాక్ష్యము. మేమడుగునది అంత ఖరీదైనది కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరోగ్యశ్రీయై మొదలైన పథకము, ఏ పేరుతో నడచినను, నాబోటివారిని అప్పులపాలు కానీయక కత్తి వరకు నడిపించినది. ఆ కత్తి తరువాతి నలుబదేండ్లను కూడ చికిత్సలో భాగముగనే లెక్కవేయుడు. థైరాయిడ్ క్యాన్సర్ రోగి ఆసుపత్రి విడుచునపుడు ఆమె చేతిలో తెలుగున ఒక అట్టకార్డు పెట్టించుడు: ఏ రకపు క్యాన్సర్, ఎంత మోతాదు, టి.ఎస్.హెచ్. ఎంత యుండవలెను, వ్రేళ్ళు బిగిసినచో ఏమి చేయవలెను, గర్భమైనచో ఎవరిని చూడవలెను. అయొడిన్‌కు పోవువారి చేతిలో ఆహారపు కాగిత మొక్కటి; దానిలో ఉప్పు సంగతి ఒక్కరే, ఒక్కమాటగ, తేల్చి వ్రాయవలెను; బంతి సంగతి కూడ. ఒకే కంపెనీ మాత్రలు, ఎండ తగులని చోట నుంచి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నెలనెల అందునట్లు చూడుడు. జిల్లా ఆసుపత్రికి వారమున కొక్క దినమైన స్పీచ్ థెరపిస్టును పంపుడు. పిల్లలకు పాఠము చెప్పువారు, బస్టాండులో కేకవేసి అమ్ముకొనువారు, హరికథలు చెప్పువారు, వీరి గొంతు వీరి కూడు. మనసు క్రుంగినవారితో మాటలాడుటకు ఒకరిని ఆ వసారాలోనే కూర్చుండబెట్టుడు. గది లేకున్నను కుర్చీ చాలును.

వీనియన్నిటికంటె ముందు, బెర్న్ వైద్యుడు చేసినపని చేయుడు. గడచిన పదేండ్లలో మన రాష్ట్రమున ప్రభుత్వవ్యయముతో థైరాయిడ్ తీయించుకొన్నవారి పేర్లు మీ కార్యాలయమునందలి లెక్కలలో తప్పక యుండును. వారికి కబురు పంపుడు. రక్తము తీసికొని పంపివేయక, కూర్చుండబెట్టి అడిగింపుడు: నిద్ర పట్టుచున్నదా, నోరెండుచున్నదా, గొంతు వచ్చుచున్నదా, పని చేసికొనగలుగుచున్నావా, గుండె దడయున్నదా, మాత్ర ఎప్పుడు మ్రింగుచున్నావు, ఎవరితోనైన చెప్పుకొంటివా? ఆశా కార్యకర్తలకు ఈ ఏడు ప్రశ్నలు నేర్పుటకు ఒక పూట చాలును. కావలసినచో నేనే నేర్పెదను, రుసుమక్కరలేదు.

నౌపడ ఉప్పు ఇంకను మా యింటనే యున్నది. ఆరేండ్లుగా దానిని మామిడికాయ ముక్కలు ఊరవేయుటకు వాడుచున్నాము. గోనె అడుగున మరి రెండు మానికలు మిగిలినది. నా శిష్యుడు కనబడినప్పుడెల్ల, “పనికొచ్చిందా టీచరమ్మా?” అని అడుగును, వచ్చినదనియే చెప్పుచున్నాను. వచ్చే నెల రెండవ మంగళవారము నాకు పరీక్ష. ఉదయము ఎనిమిదింటికే వసారాలో, కుడివైపు మూడవ బెంచీలో కూర్చుందును. మీరు ఈ విషయమున సభ యేదైన జరిపించి మాలో ఎవరినైన మాటలాడ పిలిచినచో తప్పక వత్తును. గొంతు పైకి రాదు. మైకు కొంచెము దగ్గరగ పెట్టింపుడు, ఒక గ్లాసు మంచినీళ్ళును.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితురాలు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.